మంచాన ఉన్న తల్లికి తలస్నానం



ఇంటిలో ఒకరు మంచం పట్టినప్పుడు ఆ ఇంటివారు ఎన్నో పనులు ఓపికతో చేస్తారు. వేళకు మాత్రలు వేస్తారు, గంజి తాగిస్తారు, ఒళ్ళు తుడుస్తారు, బట్టలు మారుస్తారు, పక్క దులిపి వేస్తారు. కాని ఒక్క పని మాత్రం "ఈ వారం కాదు, వచ్చే వారం చూద్దాం" అని వెనక్కి పోతూ ఉంటుంది. అది తల కడగడం. పక్క తడుస్తుందని ఒక భయం, జలుబు చేస్తుందని ఇంకొక భయం, ఒక్కరితో అయ్యే పని కాదని మరొక అనుమానం. ఇట్లా రెండు నెలలు గడిచేసరికి తల వెనుక జుట్టు అట్టలు కట్టిపోతుంది. పేలు పడతాయి. వాసన వస్తుంది. అప్పుడు చూడవచ్చిన చుట్టాలలో ఎవరో ఒకరు "ఎందుకీ బాధ, కత్తిరించి పారేయండి" అంటారు. ఆ పూటకే కత్తెర వస్తుంది.

అరువై ఏండ్లు దువ్వి జడ వేసుకున్న జుట్టు ఐదు నిమిషాలలో పోతుంది. ఆ తల్లిని ఒక్క మాటైనా ఎవరూ అడగరు. పక్షవాతంతో మాట పడిపోయిన మనిషి అయితే ఆమె ఏమీ అనలేదు కూడ. బాగున్న చేతితో తల తడుముకుంటుంది, గోడ వైపు ముఖం తిప్పుకుంటుంది. మందులు మింగనని పెదవులు బిగించిన రోజున కాని ఇంటివారికి ఆ బాధ అర్థం కాదు.

తుంగతుర్తి, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు పల్లెలలో రోగుల పరామర్శకు వెళ్ళే ఏ సంఘ కాపరికైనా ఈ దృశ్యం కొత్త కాదు. అందుకే ఈ నెల ఈ చిన్న సంగతి గురించి వివరంగా రాస్తున్నాను. చెప్పదలచినది ఒక్కటే. కత్తెరకు ముందు నీళ్ళు రావాలి. నీళ్ళకు ముందు ఒక మాట అడగాలి. లేవలేని మనిషికి మంచం మీదనే, మన ఇండ్లలో ఉన్న వస్తువులతోనే, ముప్పావు గంటలో తలస్నానం చేయించవచ్చు.

తల ఎందుకు అట్ట కడుతుంది?

ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడ రోజుకు యాభై నుండి నూరు వెంట్రుకల వరకు రాలుతాయి. మనం దువ్వుకున్నప్పుడు అవి దువ్వెనతో వచ్చేస్తాయి. మంచాన ఉన్నవారికి దువ్వేవారు లేకపోతే రాలిన వెంట్రుకలు అక్కడే ఉండి మిగిలిన జుట్టుతో పెనవేసుకుంటాయి. దానికి చెమట, నూనె, దుమ్ము తోడవుతాయి. తల రోజంతా దిండు మీద ఒకే చోట రాసుకుంటూ ఉంటుంది కనుక వెనుక భాగం ముందుగా ముద్దగా మారుతుంది. మన ప్రాంతంలో మే నెల ఎండలు ఎట్లా ఉంటాయో మీకు తెలుసు. రేకుల ఇంటిలో, తల కింద దిండు పెట్టుకొని పగలంతా పడుకున్న మనిషి తల ఎంత ఉక్కపోస్తుందో ఒకసారి ఆలోచించండి. దురద పుడుతుంది, గోక్కోవడానికి చెయ్యి లేవదు. నాట్ల కాలంలో, పత్తి ఏరే కాలంలో ఇంటివారంతా చేనుకు పోతే సాయంత్రం దాకా ఆ దురదను అట్లాగే భరించాలి.

ఇది అందం కోసం చేసే పని కాదని దీనిని బట్టి అర్థమవుతుంది. 1854లో క్రిమియా యుద్ధంలో గాయపడిన సైనికులకు సేవ చేయబోయిన ఫ్లారెన్స్ నైటింగేల్ గారు, 1859లో నర్సింగ్ గురించి రాసిన తన పుస్తకంలో రోగి శరీర శుభ్రతకు ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఇచ్చారు. మన దక్షిణ దేశంలో వేలూరులో ఐడా స్కడ్డర్ గారు 1909లో నర్సుల శిక్షణ ప్రారంభించారు. నేటికీ నర్సింగ్ చదివే పిల్లలకు మొదటి ఏటనే నేర్పే పాఠాలలో మంచం మీద తలస్నానం చేయించడం ఒకటి. అంత ముఖ్యమైన పాఠం మన ఇంటి ఆడపడుచులకు, కోడళ్ళకు, కొడుకులకు కూడ తెలిసి ఉండటం మంచిది.

ముందుగా అడగండి

వెంట్రుకలు చిన్న విషయం కావు. మన దేశంలో స్త్రీకి తల గొరిగించడం అంటే శిక్షకో దుఃఖానికో గుర్తు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించిన నాటికి, కొన్ని కులాలలో భర్త పోయిన స్త్రీకి బలవంతంగా తల తీయించే ఆచారం ఉండేది. ఆ జ్ఞాపకం మన పెద్దవారి మనసులలో ఇంకా ఉన్నది. మన సంఘములలో స్త్రీలు కొంగు కప్పుకొని ఆరాధనలో కూర్చుంటారు. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదకొండవ అధ్యాయంలో స్త్రీకి తలవెంట్రుకలు ఘనత అని బోధించిన సంగతి వారు చిన్ననాటి నుండి విన్నదే. అటువంటి తల్లి జుట్టును ఆమెను అడగకుండ కత్తిరిస్తే ఆమెకు ఎట్లుంటుంది?

అడగడం పెద్ద పని కాదు. కోడలు అత్త పక్కన కూర్చొని, "అత్తమ్మా, తల బాగ చిక్కువడ్డది, ఇయ్యాల తలకు పోద్దామా?" అంటే చాలు. జుట్టు తగ్గించక తప్పదని అనిపిస్తే, "జుట్టు కొంచెం చిన్నగ చేస్తే దువ్వుడు అల్కగ ఉంటది, చేయమంటవా, ఇట్లనే ఉంచుదమా?" అని అడగాలి. మాట రాని వారైతే చెయ్యి నొక్కమనండి, కండ్లు మూసి తెరవమనండి. "వద్దు" అంటే ఆ రోజుకు ఆగండి. "సరే" అంటే భుజాల వరకు ఉంచి, జడ వేయడానికి వీలుగా కత్తిరించండి. గుండు చేయవలసిన అవసరం చాల అరుదుగా వస్తుంది. కత్తిరించిన తరువాత అద్దం చూపించండి. తన తల తాను చూసుకునే హక్కు రోగికి పోలేదు.

జలుబు చేస్తుందా?

"తలకు పోస్తే వాతం కమ్ముతుంది, సన్నిపాతం వస్తుంది" అని మన పెద్దలు భయపడతారు. ఆ భయాన్ని ఎగతాళి చేయకూడదు. దానిలో కొంత అనుభవం ఉన్నది. బలహీనంగా ఉన్న మనిషి తడి తలతో గాలిలో ఉంటే వణుకు పుడుతుంది, ఒంట్లో వేడి తగ్గుతుంది. కాని తల తడవడం వలన పక్షవాతం రాదు. మెదడుకు పోయే రక్తనాళం మూసుకుపోయినా, చిట్లినా పక్షవాతం వస్తుంది. జలుబు వైరస్ అనే సూక్ష్మజీవి వలన వస్తుంది. కనుక గోరువెచ్చని నీళ్ళు, మూసిన తలుపు, ఆపిన ఫ్యాను, త్వరగా తుడవడం, ఈ నాలుగు ఉంటే భయం లేదు. చలికాలంలో ఎండ వచ్చిన తరువాత, పదకొండు గంటల వేళ పెట్టుకోవాలి. ఎండాకాలంలో ఉదయం పూట మంచిది.

అయితే కొన్ని సమయాలలో తప్పక ఆగాలి. జ్వరంతో వణుకుతున్నప్పుడు, చదునుగా పడుకుంటే ఆయాసం వస్తున్నప్పుడు, తలకు మెడకు దెబ్బ తగిలినప్పుడు, తలకు ఆపరేషన్ జరిగి కుట్లు ఉన్నప్పుడు, పక్షవాతం వచ్చిన మొదటి రోజులలో డాక్టరును అడగకుండ చేయించకండి. తిన్న వెంటనే వద్దు. కనీసం గంటసేపు ఆగాలి. ముక్కులో గొట్టం ద్వారా ఆహారం ఇస్తున్న వారికి కూడ అంతే. చదునుగా పడుకోబెట్టినప్పుడు కడుపులోని ఆహారం వెనక్కి తన్ని ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం ఉన్నది.

సిద్ధం చేసుకోవలసినవి

మన పాత నల్లగొండ జిల్లా బోరు నీళ్ళ సంగతి అందరికీ తెలిసినదే. చాల ఊళ్ళలో ఆ నీళ్ళకు సబ్బు నురగ రాదు. పైగా నీటిలోని సున్నం, సబ్బు కలిసి తెల్లని మడ్డిగా మారి వెంట్రుకలకు అంటుకుంటాయి. తల కడిగినా జిగటగానే ఉంటుంది. మిషన్ భగీరథ నల్లా నీళ్ళు వస్తున్న ఇండ్లలో ఆ నీళ్ళు పట్టి ఉంచి తలకు వాడండి. బోరు నీళ్ళే దిక్కయితే సబ్బు మానండి. కుంకుడుకాయ రసం గాని, షాంపూ గాని వాడండి. కుంకుడుకాయలో నురగ ఇచ్చే పదార్థం సబ్బు వంటిది కాదు కనుక సున్నపు నీటిలో కూడ అది పని చేస్తుంది. మన అవ్వలు దానిని ఊరకే ఎంచుకోలేదు.

ఎనిమిది, పది కాయలు పగులగొట్టి, గింజ తీసి, వేడి నీళ్ళలో గంటసేపు నానబెట్టి, పిసికి, పలుచని గుడ్డలో వడగట్టాలి. పిప్పి తలలో పడితే మంచం మీద మనిషికి దానిని తీయడం కష్టం. కుంకుడు రసం కంట్లో పడితే ఎంత మండుతుందో మనకు తెలుసు. మనమైతే వెంటనే కడుక్కుంటాము. చెయ్యి లేవని వారు ఆ మంటను భరిస్తూ ఉండాలి. కనుక కండ్ల మీద నాలుగు మడతల పొడి గుడ్డ తప్పనిసరి. భయముంటే షాంపూ మేలు. చిన్న ప్యాకెట్టులో సగం, చెంబెడు నీళ్ళలో కలిపితే ఒక తలకు సరిపోతుంది. ఎక్కువ వాడితే కడగడానికి రెండింతలు నీళ్ళు కావాలి.

ఇక నీళ్ళు పారే ఏర్పాటు చూసుకోవాలి. పాత దుప్పటిని గట్టిగా చుట్టి, గుర్రపు లాడం ఆకారంలో వంచి, తల చుట్టూ మెడ వైపు మూసి, మంచం అంచు వైపు తెరచి ఉంచాలి. దాని మీద శుభ్రమైన ప్లాస్టిక్ కవరు పరచాలి. కవరు చివర మంచం అంచు దాటి కింద పెట్టిన బకెట్టులోకి దిగాలి. అప్పుడు తల దగ్గర చిన్న కాలువ తయారవుతుంది. దుప్పటికి బదులు స్కూటర్ పాత ట్యూబును మెత్తగా గాలి కొట్టి వాడవచ్చు. గాలి కొట్టే మూతి మెడకు గుచ్చుకోకుండ కిందికి తిప్పి పెట్టాలి. ఎరువుల బస్తా, పురుగుల మందు తెచ్చిన కవరు ఎంత కడిగినా ఈ పనికి వాడకండి.

ఇవి కాక రెండు తువ్వాళ్ళు, రెండు పెద్ద దూది ఉండలు, వెడల్పు పండ్ల దువ్వెన, కొబ్బరినూనె, రెండు బకెట్ల గోరువెచ్చని నీళ్ళు, ఒక చెంబు దగ్గర పెట్టుకోండి. అన్నీ చేతికి అందేటట్లు పెట్టుకున్న తరువాతనే మొదలు పెట్టాలి. సగంలో రోగిని వదలి నీళ్ళకు పరుగెత్తకూడదు.

చేయించే విధానం

ఇద్దరు ఉంటే మేలు. ఒకరు తల పట్టుకుంటారు, ఒకరు నీళ్ళు పోస్తారు. చేయబోయే పని రోగికి ముందుగా చెప్పండి. రోగిని మంచం తల వైపు అంచుకు మెల్లగా జరపండి. భుజాల కింద పలుచని దిండు పెట్టండి. మెడ కింద చుట్టిన తువ్వాలు ఉంచండి. ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక. తల మంచం అంచు నుండి కిందికి వేలాడకూడదు. వృద్ధులలో మెడ బాగా వెనక్కి వంగితే మెదడుకు పోయే రక్తనాళాలు నొక్కుకుపోయి ప్రమాదం రావచ్చు. తలకు మెడకు ఎప్పుడూ ఆధారం ఉండాలి.

మొదట పొడి జుట్టునే దువ్వండి. కుదుళ్ళ నుండి కాదు, చివరల నుండి మొదలు పెట్టి మెల్లగా పైకి రండి. పాయను పిడికిట పట్టుకొని, పిడికిలి కింద మాత్రమే దువ్వితే కుదుళ్ళు లాగవు, నొప్పి ఉండదు. అట్ట కట్టిన చోట కొబ్బరినూనె పట్టించి అరగంట ఆగి, వేళ్ళతో విడదీయండి. ఒకే రోజులో రాకపోతే మూడు రోజులు తీసుకోండి. కత్తిరించక తప్పని ముద్ద ఉంటే ఆ ముద్ద వరకే కత్తిరించండి, తక్కిన జుట్టు ఉంచండి.

తరువాత చెవులలో దూది పెట్టండి. లోపలికి జారిపోని పెద్ద ఉండలు కావాలి. రెండు పెట్టాము, రెండు తీయాలి అని గుర్తుంచుకోండి. నీళ్ళ వేడి మీ మణికట్టు లోపలి వైపు పోసుకొని చూడండి. పక్షవాతం వచ్చిన వారికి ఒక వైపు వేడి తెలియకపోవచ్చు. "కాలుతున్నదా?" అని వారిని అడిగితే సరిపోదు, మీ చర్మమే కొలత. మీ అరచేతిని నుదుటి మీద అడ్డకట్టలాగ పెట్టి, నుదుటి నుండి వెనక్కి నీళ్ళు పోయండి. నురగ పట్టించి గోళ్ళతో కాక వేలి కొసలతో రుద్దండి. ఒక చేతితో తల కొద్దిగా ఎత్తి వెనుక భాగం కూడ రుద్దండి. మురికి ఎక్కువగా ఉండేది అక్కడే.

షాంపూ అనే మాట మన దేశపు మాటే. హిందీలో నొక్కు, పిసుకు అనే అర్థమిచ్చే "చాంపో" నుండి వచ్చింది. పాట్నాలో పుట్టిన షేక్ దీన్ మొహమ్మద్ అనే ఆయన 19వ శతాబ్దం మొదటి భాగంలో ఇంగ్లండులోని బ్రైటన్ పట్టణంలో ఈ పేరుతో ఆవిరి స్నానశాల నడిపాడు. అంటే ఆ మాటకు మొదటి అర్థం సీసాలోని మందు కాదు, మనిషి చేతి స్పర్శ. మంచాన ఉన్నవారికి అందరూ మాత్రలు ఇవ్వడానికి, బట్టలు మార్చడానికి మాత్రమే ముట్టుకుంటారు. తల మీద మెల్లగా వేళ్ళు కదిపినప్పుడు ఎన్నో వారాలుగా బిగుసుకున్న ముఖం సడలడం మీరే చూస్తారు.

నురగ పోయే వరకు కడగండి. జుట్టు పిండి, కవరు తీసి, తువ్వాలు చుట్టండి. చెవుల వెనుక, మెడ మడతలలో తడి లేకుండ తుడవండి. చెవులలో దూది తీయండి. తడిసిన పక్కగుడ్డ వెంటనే మార్చండి. జుట్టు పూర్తిగా ఆరే వరకు ముడి వేయకండి. ఆరడానికి సాంబ్రాణి పొగ వేసే అలవాటు కొన్ని ఇండ్లలో ఉన్నది. ఆయాసం, దగ్గు ఉన్నవారికి ఆ పొగ మంచిది కాదు. ఇంటిలో ఆక్సిజన్ సిలిండరు ఉంటే నిప్పు దగ్గరకే తేకూడదు.

వారానికి ఒకసారి ఇట్లా చేయిస్తే చాలు. ప్రతిరోజు దువ్వాలి. కదపడానికి వీలు లేని రోగికి గోరువెచ్చని నీళ్ళలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో పాయ పాయగా కుదుళ్ళ వరకు తుడవండి. అది తలస్నానానికి సమానం కాదు గాని ఎంతో హాయినిస్తుంది.

జడ వేసే తీరు, తల వెనుక పుండు

మంచాన ఉన్నవారికి తల వెనుక కొప్పు వేయకూడదు. పిన్నులు, క్లిప్పులు పెట్టకూడదు. కొప్పు మీద తల బరువంతా పడి అక్కడి చర్మానికి రక్తం అందక పుండు పడుతుంది. నడుము, పిరుదులు, మడమలు పుండ్లు పడే చోట్లని చాలమందికి తెలుసు. తల వెనుక భాగం, చెవులు కూడ అటువంటివే. జుట్టు అడ్డం ఉండటం వలన తల వెనుక పుండు పెద్దది అయ్యే వరకు ఎవరూ చూడరు. అందుకే తల కడిగే రోజు పరీక్ష చేసే రోజు కూడ. అక్కడి చర్మం రంగు మారినా, వేడిగా గట్టిగా తగిలినా, ముట్టుకుంటే రోగి ముఖం ముడిచినా ఆ చోట బరువు పడకుండ చూసి, నర్సుకో డాక్టరుకో చూపించండి. ఒళ్ళు తిప్పి పడుకోబెట్టినప్పుడు, అంటే రెండు గంటలకు ఒకసారి, తలను కూడ పక్కకు తిప్పండి.

రెండు చెవుల పక్కలకు రెండు వదులు జడలు వేసి భుజాల మీదుగా ముందుకు వేయడం అన్నిటికంటె సుఖమైనది. ఆమెకు ఇష్టమైతే ఆదివారం నాడు కొంచెం కొబ్బరినూనె రాసి, శుభ్రమైన చీర కట్టండి. ఉపవాసమున్న దినమున కూడ తలకు నూనె రాసుకొని ముఖం కడుక్కోవాలని ప్రభువు కొండమీద ప్రసంగములో బోధించెను. కష్టంలో ఉన్న మనిషి తల దుమ్ములో ఉండాలని ఆయన కోరలేదు.

పేలు పడితే

పేలు పడటం సిగ్గుపడవలసిన విషయం కాదు. తలకు తల తగిలితే ఒకరి నుండి ఒకరికి వస్తాయి. నాయనమ్మ పక్కన పడుకునే మనుమరాలికి ఉంటే నాయనమ్మకు వస్తాయి. పేల కోసం గుండు చేయవలసిన పని లేదు. తడి జుట్టుకు నూనె పట్టించి, పేల దువ్వెనతో పాయ పాయగా దువ్వి, ప్రతిసారి దువ్వెనను తెల్లని గుడ్డకు తుడవాలి. మూడు నాలుగు రోజులకు ఒకసారి, రెండు వారాలు ఇట్లా చేయాలి. ఈర్లు పగిలి పిల్లలు రావడానికి ఎనిమిది, తొమ్మిది రోజులు పడుతుంది కనుక ఒక్కసారి దువ్వి వదలివేస్తే మళ్ళీ వస్తాయి. మందుల షాపులో దొరికే పర్మెత్రిన్ ఒక శాతం మందును పది నిమిషాలు ఉంచి కడిగి, వారం పది రోజులకు మరొకసారి వాడతారు. డాక్టరును అడిగి వాడండి. ఇంటిలో అందరి తలలు అదే రోజు చూడండి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. పత్తికి, మిరపకు కొట్టే పురుగుల మందును పేల కోసం తలకు రాయకండి. అది తల చర్మం నుండి రక్తంలోకి పోయి ప్రాణం తీయగలదు. కిరోసిన్ కూడ వద్దు. అది చర్మాన్ని కాల్చుతుంది, నిప్పు అంటుకుంటుంది. లేచి పారిపోలేని మనిషి తలకు అది ఎంత అపాయమో వేరే చెప్పనక్కరలేదు.

జుట్టు రాలిపోయినప్పుడు

కొందరికి కడగడానికి జుట్టే ఉండదు. క్యాన్సర్ రోగులు మన పల్లెల నుండి హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్తూ ఉంటారు. 1955లో ఏర్పడిన ఆ ఆసుపత్రి మెహదీ నవాజ్ జంగ్ గారి పేరు మీద ఉన్నది. అక్కడ ఇచ్చే మందులలో కొన్నిటి వలన, మొదలు పెట్టిన రెండు మూడు వారాలకు జుట్టు గుత్తులుగా ఊడుతుంది. ఇది రోగం ముదిరిన గుర్తు కాదు, మందు ప్రభావం. చికిత్స అయిపోయిన కొన్ని నెలలకు సాధారణంగా తిరిగి వస్తుంది. ఈ సంగతి ముందుగా చెప్పడం వలన ఆ ఇంటిలో సగం ఏడుపు తగ్గుతుంది. ఊడిన తలను కూడ గోరువెచ్చని నీళ్ళతో మెల్లగా కడిగి, మెత్తని నూలు గుడ్డ కట్టాలి. చూడవచ్చినవారు ఆ తల వైపు జాలిగా చూసి నిట్టూర్చకుండ ఉంటే అదే మేలు.

మగవారిని కూడ మరువవద్దు. గడ్డం మాసిన తండ్రి తనను చూడవచ్చిన స్నేహితుల నుండి ముఖం దాచుకుంటాడు. క్షౌరం చేసే సోదరుని నెలకు రెండుసార్లు ఇంటికి పిలవండి. ప్రతిసారి కొత్త బ్లేడు వాడమనండి. రక్తం పలుచబడే మందులు వాడుతున్నట్లయితే ఆయనకు ముందే చెప్పండి.

ఒక్క కోడలి మీద వేయకండి

ఇదంతా చదివిన తరువాత ఇంటి కోడలు "ఇది కూడ నా నెత్తినేనా?" అనుకుంటే ఆమెది తప్పు కాదు. వంట, పశువులు, పిల్లలు, చేను, వీటన్నిటి మధ్య రోగి సేవ చాల ఇండ్లలో ఒక్క స్త్రీ మీదనే పడుతున్నది. కొడుకు తల్లి తల కడగడంలో సిగ్గు లేదు. చిన్ననాడు అతని తల కడిగినది ఆ చేతులే. భర్త భార్య జుట్టు దువ్వితే ఎవరూ నవ్వకూడదు. నీళ్ళు కాచడం, బకెట్టు మోయడం పిల్లలు కూడ చేయవచ్చు. వారంలో ఒక రోజు నిర్ణయించుకుంటే అది ఇంటి పని అవుతుంది.

సంఘము చేయగలిగినది కూడ ఉన్నది. 1993లో కేరళలోని కోజికోడ్‌లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్ మొదలైనవారు నొప్పి నివారణ కేంద్రం ప్రారంభించారు. తరువాత ఆ రాష్ట్రమంతటా ఇరుగుపొరుగువారే శిక్షణ పొంది, మంచాన ఉన్నవారి ఇండ్లకు వెళ్ళి సేవ చేసే పద్ధతి వ్యాపించింది. 2008లో అక్కడి ప్రభుత్వం దీనిని తన విధానంగా ప్రకటించింది. వారిలో అందరూ డాక్టర్లు కారు. టీచర్లు, కూలీలు, గృహిణులు ఉన్నారు. మన తెలంగాణలో కూడ ప్రభుత్వ ఆసుపత్రులలో పాలియేటివ్ కేర్ సేవలు ఏర్పడ్డాయి. మీ ఊరి ఆశా కార్యకర్తను, ఏ.ఎన్.ఎం.ను అడిగితే ఎక్కడికి వెళ్ళాలో చెప్తారు. అక్కడి నర్సును ఒక్కసారి చేసి చూపించమని అడగండి. చూసిన పని మరచిపోము.

స్త్రీల సమాజం వారు రోగులను చూడబోయేటప్పుడు పండ్లు తీసుకొని పోతారు, పాట పాడతారు, ప్రార్థన చేస్తారు. అది మంచిదే. కాని నెలలో ఒకసారి ఇద్దరు అక్కలు ఒక కవరు, రెండు తువ్వాళ్ళు సంచిలో వేసుకొని పోయి, "వదినా, నువ్వు కాసేపు కూర్చో, అత్తమ్మకు మేము తలకు పోస్తం" అంటే ఆ ఇంటికి ఆ రోజు పండుగే. ఫిలిప్పీలో చెరసాల నాయకుడు ఆ రాత్రి మొదట చేసిన పరిచర్యలలో ఒకటి పౌలు సీలల గాయములు కడగడమని అపొస్తలుల కార్యములు పదహారవ అధ్యాయము తెలుపుతున్నది. నీళ్ళు, గుడ్డ, రెండు చేతులు ఉంటే చాలు, ఈ పరిచర్యకు పట్టా అవసరం లేదు.

మన తల వెంట్రుకలు సహితం దేవుని లెక్కలో ఉన్నవని ప్రభువు సెలవిచ్చిన మాట మనం ఎన్నోసార్లు విన్నాము. ఆయన లెక్కపెట్టినవాటిని మనం దువ్వడానికి బద్ధకించవద్దు. ఈ శనివారం మీ ఇంటిలోనో, మీ వాడలోనో మంచాన ఉన్నవారి దగ్గరకు వెళ్ళండి. కూర్చోండి. పేరు పెట్టి, వరస పెట్టి పిలవండి. "తలకు పోద్దామా?" అని అడగండి. వారు తల ఊపితే పొయ్యి మీద నీళ్ళు పెట్టండి.

ప్రభువు మీ చేతుల పనిని దీవించును గాక.